నడవని కాలికి స్తోత్రం

మా అత్తగారు ఈ మధ్యాహ్నం అవనిగడ్డ బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే చేతిసంచి బల్ల మీద పెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా బ్లెస్సీ పక్కన చాప మీద కూర్చున్నారు. బ్లెస్సీ మా అమ్మాయి. మొదటి పుట్టినరోజు వెళ్లి కొన్ని నెలలైంది. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. ఆ కాసేపట్లో మెదడుకు గాలి అందలేదనీ, అందువల్లే కాళ్లూ చేతులూ బిగదీసుకుంటున్నాయనీ, ఇది జీవితాంతం ఉండేదేననీ విజయవాడలో డాక్టరు చెప్పారు. మెడ ఈ మధ్యనే నిలిచింది. మడమలు పైకి లాగేసుకుని పాదాలు వంకర తిరిగిపోకుండా రెండు కాళ్లకూ తెల్లటి ప్లాస్టిక్ స్ప్లింట్లు వేస్తాం. మా ఇంట్లో వాటిని బూట్లనే అంటాం. మా అత్తగారు పిల్ల బుగ్గలు నిమిరి, పొట్ట మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి బూట్ల దాకా వచ్చేసరికి వెనక్కి తీసుకున్నారు.

"అమ్మాయ్, వచ్చేవారం మా వైపు స్వస్థత కూటాలు పెడుతున్నారు. పిల్లని తీసుకెళ్దాం" అన్నారు.

"అలాగే అత్తయ్యా, వెళ్దాం" అన్నాను.

"అయితే ఒక్కమాట. ఇవి ఇవాళే తీసెయ్యి. ఆ కసరత్తులు కూడా ఆపు. ఒక చేత్తో దేవుణ్ణి అడుగుతూ ఇంకో చేత్తో వీటిని పట్టుకుని కూర్చుంటే ఏం విశ్వాసం అది? పూర్తిగా ఆయన చేతిలో పెట్టాలి. నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా?"

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. బ్లెస్సీ జబ్బు సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ పొద్దుటి పూట అన్నం ముట్టడం లేదు, మధ్యాహ్నం దాకా ఉపవాసమే. మెడ దగ్గర ఎముకలు తేలాయి. నా కంటే ఎక్కువగా ఏడ్చారేమో కూడా. గుడ్లవల్లేరు కాలేజీ నుంచి సాయంత్రం మా ఆయన వచ్చాక విషయం చెబితే, వాళ్లమ్మ ముఖమూ నా ముఖమూ చూసి, "రోజంతా పిల్లతో ఉండేదానివి నువ్వు. నువ్వెలా అంటే అలా" అన్నారు. అది నా మీద గౌరవమో, తప్పించుకోవడమో తెలియలేదు. ఆలోచించి రేపు చెప్తానని అత్తగారితో అన్నాను. బూట్లు తియ్యలేదు. అలాగని ధైర్యంగా తియ్యనని కూడా అనలేదు. ఇప్పుడు తల్లీకొడుకులిద్దరూ పడుకున్నారు. పిల్ల ఊపిరి వినబడేంత దూరంలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆవిడ అన్న మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు.

గుడివాడలో మా అమ్మమ్మ ఇల్లు రైలుకట్టకు దగ్గర. నాన్న ముదినేపల్లి వైపు చేపల చెరువుల మీద సూపర్‌వైజరుగా ఉండేవారు, అమ్మ ఆయనతో ఉండేది. మంచి బడి కోసం నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. అమ్మమ్మ పుట్టింది దివిసీమలో. ఉప్పెన తర్వాత ఉన్నదేదో మూటగట్టుకుని పిల్లలతో గుడివాడ చేరింది. ఆవిడకు కాలమంతా ఉప్పెనకు ముందూ, ఉప్పెనకు తర్వాతా అనే రెండు ముక్కలే. ఆ ఇంట్లో అమ్మమ్మ, పెళ్లికాని మావయ్య, సుగుణ పిన్ని, నేను. పిన్ని అమ్మ తర్వాతది. ఉప్పెనకు ముందే, ఇంకా పాకే వయసులో జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. పోలియో అన్న మాట ఆ రోజుల్లో అమ్మమ్మకి తెలియదు. జ్వరంలో ఉన్న పిల్లని ఎవరికో అప్పగించి తను నాట్లకు వెళ్లిందట. ఆ సంగతి అడక్కుండానే ప్రతివాళ్లకీ చెప్పుకునేది.

పిన్ని బట్టలు కుట్టేది. తొక్కుడు మిషను తొక్కలేదు కాబట్టి చేత్తో తిప్పే మిషను కొన్నారు. వసారాలో చాప మీద మిషను, దాని చుట్టూ జాకెట్టు గుడ్డల పీలికలు, సుద్దముక్క, కత్తెర. ఇంటికెవరొచ్చినా ముందు కొత్త గుడ్డ గంజి వాసన, తర్వాత తోలు వాసన తగిలేవి. తోలు వాసన పిన్ని కాలిదే. తొడ నుంచి పాదం దాకా రెండు వైపులా ఇనుప కడ్డీలు, వాటిని కలుపుతూ తోలు పట్టీలు, మోకాలికి తోలు గిన్నెలాంటిది, కింద బరువైన నల్ల బూటు. కూర్చోవాలంటే మోకాలి దగ్గర గొళ్లెం లాంటిది పైకి లాగాలి, టక్‌మనేది. వంటింట్లో ఉన్న అమ్మమ్మ ఆ చప్పుడు వినగానే, "కూర్చుంది మహారాణి, ఇక కాఫీ ఇవ్వాలి" అనేది.

రోజూ పొద్దున్నే పిన్ని పీట మీద కూర్చుని కాలు తొడుక్కునేది. దాన్ని అలాగే అనేవాళ్లం, కాలు తొడుక్కోవడం అని. కాలికి పౌడరు రాసి, మెత్తబడిన పాత చీర ముక్క చుట్టి, దాని మీద పట్టీలు ఒక్కొక్కటే బిగించేది. వానాకాలంలో తోలు గట్టిపడితే నువ్వుల నూనె రాసేది. ఆ పని చేస్తూనే ప్రార్థన చేసుకునేది, కళ్లు మూసుకోకుండా, మాట్లాడుతున్నట్టు. కళ్లకు స్తోత్రం ప్రభువా. రాత్రి సూదిలోకి దారం ఎక్కించిన వేళ్లకు స్తోత్రం. మెడ నొప్పి పెట్టినా నిలబడింది, దానికి స్తోత్రం. మా అమ్మ చేసిన ఉప్పులేని పప్పును అరిగించిన పొట్టకు స్తోత్రం.

"నా పప్పునెందుకే ప్రార్థనలోకి లాగుతావు!" అని అమ్మమ్మ లోపల్నుంచి అరిచేది.

"మరి దేవుడి దగ్గర అబద్ధమాడమంటావా?"

చివర్లో కుడికాలు వచ్చేది, దాని తర్వాత ఎడమకాలు. అప్పటికి పట్టీలు బిగించడం అయిపోయేది. ఒకరోజు నేను జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని నిలబడి, "అది నడవదు కదా పిన్నీ, దానికెందుకు స్తోత్రం?" అని అడిగాను.

"నడిచే కాలికి అందరూ చెప్తారే. దీనికి నేను కాకపోతే ఎవరు చెప్తారు?" అంది. మాట అయిపోగానే నన్ను ముందుకు తిప్పుకుని జడ మొదలుపెట్టింది. అది పెద్ద సంగతిలా చెప్పలేదు. నూనె సరిపోలేదని విసుక్కుంది కూడా.

అమ్మమ్మకి మాత్రం ఆ కాలిని అలా వదిలేయడం చేతకాలేదు. తను పోయేలోపు కూతురు మామూలుగా నడవడం చూడాలి, అదొక్కటే ఆవిడ కోరిక. ఆ ఎండాకాలం బందరులో స్వస్థత సభలని ఆటోలో మైకు పెట్టుకుని ఊరంతా తిరిగి చెప్పారు. అమ్మమ్మ ఉపవాసాలు మొదలుపెట్టింది. పిన్నికి వెళ్లాలని లేదు. కాని తల్లి ముఖం చూసి, "ప్రార్థనే కదా, పద, నీ కోసం వస్తా" అంది. మేం నలుగురం బందరు రైలెక్కాం. పెడన దాటేదాకా పెట్టెలో పాటలే, అందరూ ఆ సభలకు వెళ్లేవాళ్లే. పులిహోర పొట్లాలు, బుట్టల్లో మంచినీళ్ల సీసాలు, చంకల్లో జబ్బుపిల్లలు. అప్పుడు నాకు అదొక తిరునాళ్లలా ఉంది. ఇప్పుడు ఆ చంకల్లోని పిల్లల్ని తలుచుకుంటే, వాళ్ల తల్లుల ముఖాలు ఒక్కటీ గుర్తులేనందుకు బాధగా ఉంది.

మైదానంలో వేదిక పక్కన ఒక కుప్ప ఉంది. చేతికర్రలు, కళ్లజోళ్లు, నడుముకు కట్టుకునే బెల్టులు. స్వస్థత పొందినవాళ్లు విశ్వాసానికి గుర్తుగా తమ ఆధారాన్ని అక్కడ వదిలి వెళ్లాలి. పిన్నిని వేదిక మీదకి తీసుకెళ్లారు. ప్రార్థన జరిగింది. పట్టీలు విప్పమన్నారు, విప్పింది. ఇద్దరు స్త్రీలు చెరో చంకలో చెయ్యి వేసి నడిపించారు. మైదానమంతా స్తోత్రం స్తోత్రం అని హోరెత్తింది. అమ్మమ్మ నేల మీద పడి ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, సంతోషంతో. నూనె రాసి రాసి నల్లబడిన ఆ తోలు పట్టీలు, ఆ బూటు, అన్నీ కర్రల మధ్యకి వెళ్లిపోయాయి.

తిరుగు రైలెక్కడానికి పిన్నికి కాలు ఆనలేదు. మావయ్య వీపు మీద ఎక్కించుకోబోతే అమ్మమ్మ అడ్డుపడింది. "మొయ్యకురా, నడిపించు. మోస్తే అవిశ్వాసం."

"రైలు వెళ్లిపోతుందే అమ్మా!" అని మావయ్య ఎత్తుకునే ఎక్కించాడు.

ఆ తర్వాతి రోజుల్లో మా ఇంట్లో మాటల మీద కాపలా పెట్టారు. స్వస్థత వచ్చిందని నోటితో ఒప్పుకుంటూ ఉండాలి, వ్యతిరేకంగా ఒక్కమాట అంటే వచ్చింది పోతుంది. ఇది అమ్మమ్మ ఒక్కతే కనిపెట్టింది కాదు, ఆ సభల్లో అందరికీ చెప్పి పంపిన మాటే. అందువల్ల ఎవరూ నొప్పి అనకూడదు, పట్టుకో అనకూడదు, కొత్త ఇనుప కాలు ఊసు అసలే ఎత్తకూడదు. పిన్ని చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ పెరట్లో స్నానాలగదికి వెళ్లేది. దాన్ని పాకడం అనకూడదు. "సుగుణ వస్తోంది, దారి ఇవ్వు" అనేది అమ్మమ్మ. నేను గోడకు ఆనుకుని దారి ఇచ్చేదాన్ని. ఎండాకాలం, పెరట్లో గచ్చు కాలిపోతుండేది. చుట్టుపక్కల విశ్వాసులు చూడటానికి వచ్చి, "వందనాలు వదినా, సుగుణ నడుస్తోందటగా?" అంటే, అమ్మమ్మ "ప్రభువు కృప" అని, మిషను ముందు చీర కప్పుకుని కూర్చున్న పిన్నిని చూపించేది. పిన్ని తలెత్తకుండా మిషను తిప్పేది. పొద్దుటి స్తోత్రాలు మాత్రం వినబడలేదు. తొడుక్కోవడానికి ఏమీ లేదు కదా, పీట మీద కూర్చునే పనే పోయింది.

ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక సాక్ష్యాలకు సమయం ఇస్తారు. వారంలో దేవుడు చేసిన మేలు ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. పిన్నిని రిక్షాలో తీసుకెళ్లి ఆడవాళ్ల వైపు చాప మీద ముందు కూర్చోబెట్టారు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, "మన సుగుణమ్మ సాక్ష్యం చెప్తుంది" అన్నారు. అందరూ ఆవిడ లేస్తుందని చూస్తున్నారు. పిన్ని లేవలేదు. కూర్చునే మాట్లాడింది.

"అందరికీ వందనాలండి. నా కాలు బాగవలేదు. ఆరోజు నేను నడవలేదు, ఇద్దరు అక్కయ్యలు నన్ను నడిపించారు. వాళ్ల తప్పు కాదు, ప్రేమతోనే చేశారు. నేను మా అమ్మ సంతోషం చూసి ఊరుకున్నాను. దేవుడు నాకిచ్చిన ఒళ్లు ఇదే. దీనితోనే మీ జాకెట్లు కుట్టాను, దీనితోనే పాటలు పాడాను. దీనికి స్తోత్రం చెప్పాలంటే ముందు దీని గురించి నిజం చెప్పాలి కదండీ. ఆ ఇనుప కాలు కూడా ఆయన ఇచ్చిందే. నేను పారేసుకున్నాను. నాకది మళ్లీ కావాలి. నా కోసం అలా ప్రార్థించండి."

అయ్యగారు నేలచూపు చూస్తూ పాట నంబరు చెప్పేశారు. వెనక ఎవరో, "అదే, విశ్వాసం చాలలేదు" అనడం నాకు వినబడింది. అమ్మమ్మ ఇంటికొచ్చాక పిన్నితో మాట్లాడలేదు. అన్నం పెట్టి కంచం ముందుకు తోసింది, అంతే. ప్రార్థన వేళకు బైబిలు మావయ్య చేతికిచ్చి తను వంటింట్లో కూర్చుంది.

ఆ మౌనం ఎన్నాళ్లు సాగిందో గాని, తెగిన సాయంత్రం మాత్రం గుర్తుంది. పిన్ని పెరట్లోంచి వస్తూ గడప దగ్గర ఆగిపోయింది. చీర మోకాళ్లకు అంటుకుపోయింది. అమ్మమ్మ దగ్గరికెళ్లి చీర పైకి తీసి చూసింది. రెండు మోకాళ్లూ తోలు లేచిపోయి పచ్చిగా ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటి మీద చీర కప్పుకునే పిన్ని కూర్చుంది. అమ్మమ్మ వేణ్ణీళ్లు తెచ్చి కడిగింది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. రాస్తూ రాస్తూ పడిపోయిన ఆ కాలిని ఒళ్లోకి తీసుకుంది. సన్నటి కాలు, పిల్లల కాలిలాగే ఉండేది. దాన్ని పాదం దాకా చేత్తో నిమిరింది. అమ్మమ్మ ఆ కాలిని అలా ముట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ప్రార్థన చేసేటప్పుడు చెయ్యి వేసేది గాని, అది వేరు.

"ఒరే, రేపు దీన్ని బెజవాడ తీసుకెళ్లి కొలతలు ఇప్పించు" అంది మావయ్యతో.

"మరి అవిశ్వాసం అన్నావు?" అన్నాడు మావయ్య. మావయ్యకి నోరు ఊరుకోదు.

"దేవుడేమన్నా ఇనుముకి అలుగుతాడట్రా? తీసుకెళ్లమన్నాను, తీసుకెళ్లు" అంది అమ్మమ్మ.

కొత్తది వచ్చాక తోలు కరిచి పుండ్లు పడ్డాయి, అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. అమ్మమ్మ చనిపోయేదాకా కూతురు మామూలుగా నడవడం చూడలేదు. పిన్ని ఇప్పటికీ గుడివాడలోనే ఉంది, జాకెట్లు తగ్గించేసింది, భుజాలు నొప్పి. బ్లెస్సీ సంగతి తెలిసిన కొత్తలో నేను ఆవిడకు ఫోన్ చేసి, "నాకు స్తోత్రం రావడం లేదు పిన్నీ. నోరు తిరగడం లేదు" అని ఏడ్చాను.

"రాకపోతే మానెయ్. పిల్లకి పాలు పట్టావా?"

"పట్టాను. నువ్వెలా చెప్పేదానివి పిన్నీ ఆ జబ్బుకి?"

"జబ్బుకి నేనెప్పుడు చెప్పానే? నాకేమన్నా పిచ్చా! కాలికి చెప్పాను. ఆ జ్వరం నాకొద్దు, ఇప్పటికీ వద్దు. కాలు నాది. రెండూ కలిపేసుకోకు" అని, ఇంటికి ఎవరో కొలతలకు వచ్చారని ఫోన్ పెట్టేసింది.

ఈ తేడా నాకు అర్థం కావడానికి ఇన్ని నెలలు పట్టింది, అదీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. అప్పుడు మా ఇంట్లో పోలియో గురించి తెలిసింది చాలా తక్కువ. నేను నెట్ సెంటర్లో కూర్చుని బ్లెస్సీ జబ్బు గురించి చదవగలిగినంతా చదివాను, డాక్టరు వాడే మాటలన్నీ నాకు వచ్చు. కాని ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే ఒక మనిషి తన ఒంటిని పేరుపేరునా పలకరించేది. నా ఇంట్లో పిల్ల ఒంటి గురించి మాట్లాడేదంతా ఏది రాలేదు, ఏది ఆలస్యం, ఏది ఎప్పటికీ రాదు అనే. స్నానం చేయించేటప్పుడు కూడా నా చేతులు ఎక్కడ బిగుసుకుందో వెతుకుతాయి. ఆ వీపు ఎంత నున్నగా ఉంటుందో, నీళ్లు పోస్తే ఎలా కేరింతలు కొడుతుందో నాకు తెలియక కాదు. కాని భయం ముందుకొచ్చి నిలబడి వాటికి దారి ఇవ్వదు. పెద్దయ్యాక దీన్ని ఎవరు చూస్తారు, నేను పోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు పిన్ని కూడా జవాబు చెప్పలేదు. వాటికి జవాబుందని ఇక్కడ రాసి నన్ను నేను మోసం చేసుకోను.

ఇక్కడిదాకా నిన్న రాసి ఆపాను. మిగతాది ఇవాళ జరిగింది.

పొద్దున్న మా అత్తగారు ప్రార్థన ముగించి వచ్చేసరికి నేను బ్లెస్సీని ఒళ్లో వేసుకుని, కసరత్తు కోసం బూట్లు విప్పి పక్కన పెట్టి, కాళ్లు సాగదీస్తున్నాను. పిల్ల గునుస్తోంది. ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. నేను ఏం చెప్తానో ఆవిడకు తెలిసిపోయినట్టే ఉంది. ముందుగా సుగుణ పిన్ని సంగతి చెప్పాను, మోకాళ్ల సంగతితో సహా. పెళ్లప్పుడు పిన్నిని చూశారు గాని ఈ కథ ఆవిడకు తెలియదు. అంతా విని, "అక్కడ కుదరలేదని ఇక్కడ కుదరదా?" అన్నారు. గొంతులో కోపం లేదు, వేడుకోలు ఉంది.

"కుదరొచ్చు అత్తయ్యా. కూటాలకి తీసుకెళ్దాం. ప్రార్థన చేయించండి, నేనూ మోకరిస్తాను. బూట్లు మాత్రం తీసెయ్యను. కసరత్తులు ఆపను. దీని పాదాలు ఇవి. దేవుడు వీటిని నా చేతిలో పెట్టాడు. ఆయన బాగుచేసేదాకా వంకర పోకుండా చూసే పని నాది."

"అక్కడ అయ్యగారు తియ్యమంటే?"

"మీరు చెప్పండి. కోడలు ఒప్పుకోలేదని చెప్పండి. పరవాలేదు."

బ్లెస్సీ మా అత్తగారి కొంగు అందుకోబోతోంది. పిడికిలి బిగిసిపోయి అందడం లేదు, అయినా మానడం లేదు. చివరికి ఆవిడే ముందుకు వంగి కొంగు పిడికిట్లో పెట్టారు. పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వులో కాళ్లు మళ్లీ కర్రల్లా బిగుసుకున్నాయి. సంతోషం వచ్చినా బిగుసుకుంటాయి, దాని తీరే అంత.

"నవ్వితే కూడానా!" అన్నారు మా అత్తగారు. ఇన్నాళ్లూ గమనించలేదన్నమాట.

"అవునండీ. సంతోషం దీనికి ఒళ్లంతా వస్తుంది" అన్నాను. నేను అలా అంటానని నాకే తెలియదు. నా నోటి నుంచి నా కూతురి ఒంటి గురించి వచ్చిన మొదటి మంచిమాట అదేనేమో.

ఆవిడ కళ్లు తుడుచుకుని, ఎడమ బూటు చేతిలోకి తీసుకున్నారు. ఎలా పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూశారు.

"మడమ ముందు లోపలికి పోవాలా, వేళ్లా?"

"మడమండీ."

"పట్టీ ఎంత బిగించాలి? కందిపోదా?"

నేను ఆవిడ వేలు పట్టుకుని పట్టీ కిందికి దూర్చి, ఎంత వదులు ఉండాలో చూపించాను.